కొత్త కోడ్

“మళ్ళీ వచ్చాడు!” అంది మారిత్, కాఫీ కప్పు ఠక్కున బల్లమీద పెట్టి. “మెట్ల కింద, పిల్లల తోపుడు బళ్ళు పెట్టే చోట. అట్టముక్క పరుచుకుని గుర్రు పెడుతున్నాడు.”

అపార్ట్‌మెంట్ సొసైటీ మీటింగు అందరూ బట్టలుతుక్కునే లాండ్రీ గదిలోనే పెట్టారు. బయట మైనస్ పద్దెనిమిది. సుండ్స్‌వాల్ ఊరంతా గడ్డకట్టి ఉంది. దాల్చినచెక్క బన్నులు పళ్ళెంలో అలాగే ఉన్నాయి. ఎవరికీ తినే ఓపిక లేదు.

మొదటిసారి ఆ మనిషి ఎవరి వెనకాలో దూరి లోపలికొచ్చాడు. వీధి తలుపు కోడ్ మార్చారు. వారం తిరక్కుండా మళ్ళీ లోపలున్నాడు. మళ్ళీ మార్చారు. మళ్ళీ వచ్చాడు. తలుపు పగలగొట్టింది లేదు, అద్దం గీకింది లేదు. అంకెలు నొక్కుకుని సొంతింటికొచ్చినట్టు దర్జాగా వస్తున్నాడు.

అంటే బిల్డింగువాళ్ళే ఎవరో చెబుతున్నారు.

“నాకూ పాపమనే ఉంటుంది,” అంది మారిత్. “అలాంటివాళ్ళకి ఏదైనా చెయ్యాలి. కానీ మన మెట్ల కిందే ఎందుకు? పిల్లలు తిరిగే చోటు. వాడి జేబులో ఏ కత్తి ఉందో ఎవరికి తెలుసు?”

“జాలిపడేవాళ్ళు మన మధ్యే ఉన్నారుగా,” అన్నాడు ఇంగ్వె, తోర్‌స్టెన్ వైపు చూస్తూ. “వాడి కాళ్ళకున్న ఉన్ని మేజోళ్ళు ఎవరివో?”

తోర్‌స్టెన్ ముఖం కందిపోయింది. మేజోళ్ళు అతనివే. భార్య అల్లినవి. “మేజోళ్ళు ఇచ్చాను, ఒప్పుకుంటాను. కోడ్ ఇవ్వలేదు మొర్రో అంటే వినరేం?”

ఎందుకు వింటారు? పదిరోజులుగా మెట్ల మీద ఎదురుపడితే తల తిప్పుకుంటున్నారు. ముప్ఫై ఏళ్ళు ఆ బిల్డింగులో ఉన్న మనిషి! లాండ్రీ గది వంతుల పట్టీలో అతని పేరు మీద ఎవరో అడ్డగీత కూడా కొట్టారు. పలకరింపు మానినా ఓర్చుకున్నాడు గానీ, ఆ గీతని మాత్రం ఓర్చుకోలేకపోయాడు.

“కోడ్ తీసేసి పారేద్దాం,” అన్నాడు ఇంగ్వె. “తాళంచెవుల తలుపు పెట్టిద్దాం. కెమెరా కూడా.”

“అక్కర్లేదు,” అంది అధ్యక్షురాలు సోల్‌వెయ్. స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసిన మనిషి, ఆ గొంతు ఇంకా పోలేదు. “కోడ్ పెట్టేది నేను. ఈసారి ఎవడి తాతకీ తట్టని అంకెలు పెడతాను.”

“పోయినసారీ అదే అన్నావు!” అన్నాడు ఇంగ్వె. “నువ్వొకసారి కిందికి దిగి వాడి వాలకం చూస్తే తెలుస్తుంది.”

“నేను చూడను. ఆ మొహం నాకు చూపించొద్దు.” ఆమె గొంతు పెరిగింది. తర్వాత తోర్‌స్టెన్ వైపు తిరిగింది. “నీ జాలి కట్టిపెట్టు తోర్‌స్టెన్. నీవల్ల అందరికీ తలనొప్పి.”

చివరికి తేల్చారు. ఇదే ఆఖరు కోడ్. ఈసారి కూడా వాడు లోపల కనబడితే ఇంగ్వె చెప్పిన తాళమే. కోడ్ చెబుతున్నవాడు తోర్‌స్టెనే అని అందరూ ఖాయం చేసుకున్నట్టే.

సోల్‌వెయ్ సాయంత్రం గడపగడపకీ వెళ్ళి కొత్త అంకెలు చెవిలో చెప్పింది. కాగితం మీద రాయనివ్వలేదు. తోర్‌స్టెన్‌కి చెప్పేటప్పుడు మాత్రం అతని కళ్ళలోకి చూడలేదు. ‘నన్ను దొంగని చేసి పెట్టారు కదా!’ అనుకుని తలుపు ధడాలున వేసుకున్నాడు.

ఆదివారం ఉదయం చెత్తసంచి పట్టుకుని కిందికి దిగాడు తోర్‌స్టెన్. మెట్ల కింద అట్టముక్క. దానిమీద ఆ మనిషి. కాళ్ళకి తన మేజోళ్ళు.

అతనికి ఒళ్ళు మండిపోయింది.

“లేవయ్యా! లే! నా పరువు నిలువునా తీశావు కదా!”

ఆ మనిషి బెదిరిపోయి గోడకి నక్కాడు. అరవై ఉంటాయి. గడ్డం నెరిసింది. భయపడాల్సింది ఎవరు, భయపడుతున్నది ఎవరు అనిపించి తోర్‌స్టెన్‌కి తనమీద తనకే చిరాకేసింది. చెత్తసంచి కింద పెట్టాడు.

“కొట్టనులే. పైకి రా, వేడిగా కాఫీ ఇస్తాను.”

“వద్దు పెద్దాయనా. ఎవరింటికీ రాను. తలుపేస్తే నాకు ఊపిరాడదు. మెట్ల కిందైతే ఫర్లేదు.”

“సరే, ఒక్క మాట చెప్పు. నీకు కోడ్ ఎవరు చెబుతున్నారు? ఆ పేరు చెబితే నేను బతికిపోతాను. నేనే చెప్పానంటున్నారు వీళ్ళంతా.”

“ఎవరూ చెప్పరు.”

“మరి నీకెలా తెలుస్తుందయ్యా?”

“మా ఇంట్లో గుర్తుంచుకునే రోజులు నాలుగైదే. ఒక్కొక్కటే నొక్కి చూస్తాను. తేదీ, నెల. మొదటిసారి కోడ్ మార్చినప్పుడు నా పుట్టినరోజుకి తెరుచుకుంది. రెండోసారి మా అమ్మ పోయిన రోజుకి. నిన్న రాత్రి బోలెడు నొక్కాను, చేతులు కొంకర్లుపోయాయి. ఆఖరికి ఎల్సా మా ఇంటికొచ్చిన రోజుకి తెరుచుకుంది.”

“ఎల్సా ఎవరు?”

“కుక్కపిల్ల. నాకు ఏడేళ్ళప్పుడు తెచ్చారు.”

తోర్‌స్టెన్‌కి పిచ్చెక్కినట్టయింది. “నాతో వేళాకోళమా? నీ కుక్కపిల్ల ఏనాడొచ్చిందో మా తలుపుకెలా తెలుసు?”

ఆ మనిషి పైమెట్ల వైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించాడు.

“తలుపుకేం తెలుస్తుంది పెద్దాయనా, మా సోల్‌వెయ్ అక్కకి తెలుసు గానీ.”