ఏ పేపరు ఏయించుకుంటరు?

ఎల్బీనగర్‌లో పై వాటా చూపించి, నచ్చిందనగానే ఇంటాయన జానయ్య అడిగిన మొదటి ప్రశ్న అది. గేటు మీద ‘జై తెలంగాణ’ స్టిక్కరు.

పూర్ణచంద్రరావు ఆ ప్రశ్నకు సిద్ధపడే వచ్చాడు. తెనాలి నుంచి వచ్చి పదేళ్లయినా, ఉద్యమం వేడెక్కాక ఈ ప్రశ్నకు నిజం చెప్పి రెండిళ్లు పోగొట్టుకున్నాడు. అందుకే ఈసారి దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కే ముందే ఉద్యమం పేపరు కొని, పేరు కనబడేలా చంకలో పెట్టుకొచ్చాడు.

“ఇదేనండీ! ఇది చదవందే కాఫీ గొంతు దిగదు,” అన్నాడు హుషారుగా.

జానయ్య మొహం వాడిపోయింది. “అయితే వేరే ఇల్లు చూస్కోండ్రి సార్.”

అబద్ధం దొరికిపోయిందనుకున్నాడు రావు. “అబద్ధమాడానండీ! మాది మొదట్నుంచీ ఆంధ్రా పేపరే. మార్చమంటే రేపే మార్చేస్తాను!”

“మార్చకుండ్రి!” అని అరిచి, గల్లీలో ఎవరూ లేరని చూసుకుని జానయ్య గొంతు తగ్గించాడు. “గా పేపర్ల గళ్ల నుడికట్టు ఒస్తది గద సార్. ఇరవై ఏండ్లు నింపిన. ఉద్యమంల దిగినంక బంద్ వెట్టిన. గిప్పుడు నా పేరు మీద గా పేపరొస్తే గల్లీల ఇజ్జత్ పోతది. చేతులు గుంజుతున్నయ్ సార్! అందుకే ఆంధ్రా సారు కోసం దేవులాడుతున్న.”

తాళంచెవి రావు చేతిలో పెట్టాడు.

“రాష్ట్రం సంగతి పెద్దోళ్లు చూస్కుంటరు. మనం గిప్పుడే పంచుకుందం. పేపరు మీది, గళ్లు నావి.”