శనివారం ట్రబుల్

“నో ట్రబుల్ లూసీ, అరగంటలో వచ్చేస్తా.” ఏసుపాదం ఫోన్ పెట్టేసి కారు తాళాలు అందుకున్నాడు.

“ట్రబుల్ అంటే ఏంటండీ?” వంటగదిలోంచి అడిగింది నవోమి. ఆమె బాపట్ల నుంచి అమెరికాలోని ఐసెలిన్‌కి కాపురానికొచ్చి నాలుగు నెలలు. ఇంగ్లీషు నేర్పుతున్నది భర్తే.

“కష్టం.”

“ఆవిడకేం కష్టం?”

“కార్ ట్రబుల్. స్టార్ట్ అవట్లేదంట. నర్సు కదా, డ్యూటీకెళ్లాలి పాపం.”

పై శనివారం హీటర్ ట్రబుల్. ఆపై శనివారం బ్యాక్ ట్రబుల్. నడుం పట్టేసిందట, సరుకులు తెచ్చిపెట్టాలట.

“కష్టాలన్నీ ఆవిడకి శనివారమే వస్తాయా?”

“ఇక్కడ చిన్న పనికీ ట్రబుల్ అనే అంటారు. అంత పెద్ద మాటేం కాదు,” అని నవ్వేశాడు.

లూసీ పేరు పలికేటప్పుడు అతని గొంతు మెత్తబడేది. తనని పిలిచేటప్పుడు ఆ మెత్తదనం వినిపిస్తుందేమోనని నవోమి వారమంతా చెవులప్పగించింది. వినిపించలేదు. ఎన్నడూ చూడని ఆ మనిషిని తనకంటే తెల్లగా, సన్నగా ఊహించుకుని అన్నం సహించక కూర్చుంది.

సోమవారం అతని కోటు జేబులో లూసీ పేరు మీద కరెంటు బిల్లు దొరికింది. నెవార్క్ అడ్రసు. నవోమి చీర మీద కోటు తొడుక్కుని, అమెరికాలో మొదటిసారి ఒంటరిగా బస్సెక్కింది. అడ్రసు చూపించి అక్కడ దింపమంటే డ్రైవరు “నో ట్రబుల్, మేడమ్,” అన్నాడు. ఆ మాటకే ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

తలుపు తీసినావిడకు నలభై ఏళ్లుంటాయి. యూనిఫాం నలిగిపోయి ఉంది. కళ్ల కింద నలుపు. నవోమి చీర చూసి తెలుగులోనే అడిగింది. “ఎవరు కావాలమ్మా?”

“మీరేనా లూసీ? నేను ఏసుపాదం గారి భార్యని. పరాయిదాని మొగుణ్ణి వారం వారం పిలిపించుకోడానికి సిగ్గులేదూ?”

లూసీ పక్కకి తప్పుకుని, చలికి వణుకుతున్న నవోమిని లోపలికి రమ్మంది. కుర్చీ జరిపింది.

“పెళ్లెప్పుడైంది?”

“పోయినేడు, ఎనభై రెండు మేలో. చర్చిలో, అందరి ముందూ!”

లూసీ ఆమె ఎదురుగా కూర్చుంది.

“ఆయనకీ నాకూ డెబ్బై అయిదులో అయింది.”