డాక్టరు చెవిలో సూరీడమ్మ

కాన్పు గదిలో ఏ డాక్టరైనా చెయ్యి వేసేముందు, అలాంటి బాధే పడ్డవాళ్ల మాటలు, వాళ్ల ఇంటివాళ్ల మాటలు చెవిలో వినాలి. పరిశోధకులు ఇల్లిల్లూ తిరిగి రికార్డు చేసిన మాటలవి. ఇప్పుడు అన్ని ఆసుపత్రుల్లోనూ అదే పద్ధతి.

డాక్టర్ భుజంగరావుకు రోజూ వినిపించే గొంతు సూరీడమ్మది. తొమ్మిదేళ్ల క్రితం ఆమె కూతురు ఆయన చేతిలోనే పోయింది. "కడుపు సీలిపోతందని నా పిల్ల మూడుసార్లు సెప్పినాది. ఒక్కపాలైనా సూడనేదు," అంటుందా గొంతు.

ఒక మధ్యాహ్నం ఆయన ఆమె ఇంటికి వచ్చాడు. సూరీడమ్మ చింతపండులో గింజలు తీస్తోంది.

"మీరు ఒప్పుకుంటే ఆ మాటలు తీసేస్తారమ్మా. ఇక వినలేకపోతున్నాను."

"ఇప్పుడు నొప్పంటే సూత్తన్నావా?"

"చూస్తున్నాను. ఆ తర్వాత ఎవరూ పోలేదు."

"అయితే తియ్యను. ఆయాల సిగ్గేసి ఒక మాట దాసీసినాను. అదీ సెప్తాను."

మర్నాడే పరిశోధకులను పిలిపించి చెప్పింది. సోమవారం పొద్దున భుజంగరావు కాన్పు గదిలోకి వెళ్లగానే, సూరీడమ్మ గొంతులో తన మాటే విన్నాడు: "మొగుడి పక్కన పడుకున్నప్పుడు లేని నొప్పి ఇప్పుడెక్కడిదే?"

మంచం మీది పిల్ల వైపు ఆయన తలెత్తలేకపోయాడు.

ఆ పూట సూరీడమ్మ కడుపునిండా అన్నం తింది.