పేపరు తాత అడిగే ప్రశ్న

వరండాలోని ఆ బల్ల వైపు చూస్తే పళ్ల డాక్టరమ్మకు ఇప్పటికీ పేపరు తాతే గుర్తొస్తాడు.

తండ్రి తర్వాత ఆమె క్లినిక్ నడపడం మొదలుపెట్టిన కొత్తలో, పదింటికల్లా ఒక పెద్దాయన వచ్చి అక్కడ కూర్చునేవాడు. పన్ను నొప్పీ లేదు, పనీ లేదు. పేపరు తిరగేస్తుండేవాడు. అందరికీ ఆయన పేపరు తాత.

పన్ను తీయించుకుని దూది కరిచిపెట్టుకున్నవాళ్ల పక్కకు జరిగి, "నువ్వు నోరు విప్పకు, నీ వంతు కూడా నేనే మాట్లాడతా" అని కబుర్లు చెప్పేవాడు.

కొత్తగా వచ్చినవాళ్లను మాత్రం ఒకటే ప్రశ్న.

"రక్తం పల్చబడే మాత్రలేమైనా వేసుకుంటున్నావా అమ్మా?"

"అవునండీ, గుండెకి."

"డాక్టరమ్మకు ముందే చెప్పు. రక్తం కారుతుందని నీ అంతట నువ్వు మానెయ్యకు."

ఒకరోజు డాక్టరమ్మకు ఒళ్లు మండింది. అందరి ముందే కడిగేసింది.

"ఇక్కడ డాక్టరు నేనా, మీరా? జనాన్ని హడలగొట్టకండి తాతగారూ!"

ఆయన పేపరు మడిచి బల్ల మీద పెట్టాడు.

"నిజమేనమ్మా. మీరు చూసుకుంటారుగా."

మళ్లీ రాలేదు. ఆమెకూ ప్రాణం హాయిగానే ఉంది.

రెండు నెలలకు, గుండెలో కవాటం మార్పించుకున్న ఒక కుట్టుపనావిడ దవడ పట్టుకుని వచ్చింది. మత్తు సూది చేతిలోకి తీసుకున్నాక డాక్టరమ్మకు ఎందుకో తాత గుర్తొచ్చాడు.

"మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారుగా?"

"లేదమ్మా, నాలుగు రోజులైంది. రక్తం ఆగదేమోనని నేనే మానేశా."

డాక్టరమ్మ సూది పక్కన పెట్టేసింది. మాత్ర ఆగితే మార్చిన కవాటం దగ్గర రక్తం గడ్డకట్టే ప్రమాదం. అప్పటికప్పుడు గుండె డాక్టరుకు ఫోన్ చేసి, ఆవిణ్ణి అక్కడికి పంపించింది. కొన్నాళ్లకు, మాత్ర మాన్పించకుండానే పన్ను తీసింది. దూది నలభై నిమిషాలు గట్టిగా కరిచిపెట్టుకుంటే రక్తం ఆగిపోయింది.

ఆ నలభై నిమిషాలూ ఆవిడ వంతు మాట్లాడేవాళ్లే వరండాలో లేరు.

"నర్సమ్మా, తాతగారి ఇల్లెక్కడ? నేనే వెళ్లి పిలుచుకొస్తాను."

తండ్రి కాలం నుంచీ ఉన్న నర్సమ్మ తల దించుకుంది.

"ఇంకెక్కడి తాతమ్మా! పోయిన నెలే పోయారు."

డాక్టరమ్మ వెళ్లి ఆ బల్ల మీద కూర్చుంది.

"ఆ మాత్రల సంగతి ఆయనకెలా తెలుసు? మందుల షాపు ఉండేదా?"

"గడియారాలు బాగుచేసేవారు. మీ నాన్నగారి హయాంలో భార్యను తెచ్చి పన్ను తీయించారు. రక్తం పెద్దగా రాలేదు గానీ, మూడో రోజున మెదడులో రక్తపు గడ్డ అడ్డుపడి ఆవిడ పోయింది."

"మాత్రల సంగతి నాన్న అడగలేదా?"

"అడగలేదమ్మా. తాతగారూ చెప్పలేదు. రక్తం ఎక్కడ కారిపోతుందోనన్న భయంతో, వారం ముందే ఆవిడ గుండె మాత్రల్ని దాచేసింది ఆయనే."