ఎడమచేతి చీటీలు

“మళ్లీ మనింట్లోనే ప్రార్థనా? ఈ లైన్లో ఇంకెవులికీ పాపాల్లేవేటే?” మంచం కింద నుంచి తల బయటపెట్టకుండానే విసుక్కున్నాడు దయారత్నం.

“నన్నడిగితే నానేటి సెప్పేది? ఎవులో సీటీ ఏసినారు. పొద్దున్న ఆరాధనలో సదివినారు కదా. అయ్యగారు అయిదింటికి వస్తారు, బేగి కానీ,” అంది యూనిస్ చీపురుతో బూజు దులుపుతూ. ముక్కుకీ నోటికీ కొంగు అడ్డం పెట్టుకుంది. దుమ్ముకి కాదు, నవ్వు ఆగక.

గార్డెన్ రీచ్ ఓడరేవు క్వార్టర్స్‌లో వాళ్లది ఒక్క గది, ఒక వంటమూల. మిగతాదంతా దయారత్నం వేలంలో కొన్న ఓడ సామానే. తుప్పు గొలుసులు, మూతల్లేని డబ్బాలు, పలకని రేడియోలు మూడు. ఎప్పుడో పనికొస్తాయంటాడు. పద్దెనిమిదేళ్ల కాపురంలో ఒక్కటీ పనికొచ్చిన పాపాన పోలేదు. కిటికీ దగ్గర బల్ల కూడా వాటిదే. మూడు వారాల్లో పదో తరగతి మాధ్యమిక్ పరీక్ష పెట్టుకుని కూతురు లోయిస్ గుమ్మంలో కూర్చుని మోకాళ్ల మీద చదువుకుంటోంది. యూనిస్‌కి మేడలొద్దు, మిద్దెలొద్దు. ఆ బల్ల ఖాళీ అయితే చాలు.

మంచిగా అడిగి చూసింది. “పెళ్లాం మాటకి నా సామాను పారెయ్యాలా?” అని మూడు పూటలు అన్నం మానేశాడు మహానుభావుడు. మొండివాడు రాజుకన్నా బలవంతుడని ఊరికే అన్నారా.

చివరికి చర్చి గుమ్మంలో ఉన్న ప్రార్థన పెట్టె ఆమెకి దారి చూపించింది. ఏ ఇంటికి ప్రార్థన అవసరమనిపిస్తే ఆ ఇంటి పేరు ఎవరైనా చీటీ రాసి అందులో వేయొచ్చు. రాసినవాళ్ల పేరు అక్కర్లేదు. శనివారం సంఘపెద్ద ఎలీయాజరు తాళం తీసి, చదివి, పాస్టరుగారికి అందజేయడం ఆనవాయితీ. యూనిస్ ఎడమచేత్తో వంకరటింకరగా రాసి పడేసింది: ‘దయారత్నం గారి ఇంట ప్రార్థన కావలెను.’ అయ్యగారొస్తుంటే ఇల్లు సర్దక చస్తారా? సర్దిన సామాను నెల తిరక్కుండా మళ్లీ బల్లెక్కేది. ఆమె మళ్లీ చీటీ వేసేది. ఇది నాలుగోది.

“ఆ రాసినోడి సెయ్యి పడిపోను,” అన్నాడు దయారత్నం గొలుసు ఈడ్చుకుపోతూ.

యూనిస్ చీపురు ఆగిపోయింది. తెలిస్తే ఇంకేమన్నా ఉందా? ఆ సామాను ఈ జన్మకి కదలదు. పిల్ల పరీక్ష గంగలో కలుస్తుంది. ఎడమచెయ్యి మెల్లగా కొంగులో దాచుకుంది.

ఎప్పుడూ సామానంతా పక్కింటి వసారాలో దాచేవాడు. ఈసారి ఏం పుట్టిందో, వీధిలో అరుచుకుంటూ పోతున్న పాత సామాన్లవాణ్ణి “ఓ దాదా, ఇటు రా,” అని పిలిచి గొలుసులూ రేడియోలూ మొత్తం ఎత్తించేశాడు.

పాస్టరు కృపాదానం అయ్యగారు వచ్చి మోకరించారు. “ఈ కుటుంబానికున్న ప్రార్థనా దాహాన్ని బట్టి స్తోత్రం ప్రభువా,” అన్నారు. యూనిస్‌కి తల ఎత్తబుద్ధి కాలేదు. ఆమేన్ అనేసరికి కరెంటు పోయింది. దయారత్నం లాంతరు వెలిగించి ఖాళీ బల్ల మీద పెట్టి, “రాయే లోయిసూ, ఇక్కడ కూకోని సదువుకో,” అన్నాడు. ఇంత మంచోణ్ణా నేను మోసం చేస్తున్నది అనుకుంది యూనిస్.

టీ, సింగారా సమోసాలు అయ్యాక పాస్టరుగారిని సాగనంపే వంకతో మెట్లు దిగింది.

“అయ్యగారూ, తప్పయిపోయింది. ఆ సీటీలన్నీ నానే రాసినాను.”

“నువ్వా? ఎందుకమ్మా?”

“ఇల్లు సర్దించడానికి. దేవుడి పేరు సెప్పి మా ఆయన్ని ఆడించినాను. ఎలీయాజరు మావకి కూడా తెలీకుండా ఎడంసేత్తో రాసినాను. మా ఆయనకి మాత్రం సెప్పకండి, మీ కాళ్లు పట్టుకుంటాను.”

అయ్యగారు వస్తున్న నవ్వుని దగ్గులోకి దింపుకున్నారు.

“ఎలీయాజరుకి చూపు ఆనక ఆరు నెలలయిందమ్మా. ఆ చీటీలు తీసి, చదివి, నాకిచ్చేది ఆయన కాదు.”

“మరెవులు?”

“పెట్టె తాళం దయారత్నం దగ్గరుంది.”