పదకొండూ పదహారు

"చివరి ఫోటో ముందు నేను చూడాలక్కా. ఆ తర్వాతే గోడకి పెట్టండి," అంటూ బక్కోడి భార్య మెమరీ కార్డును టేబుల్ మీద పెట్టింది. "ఇంట్లో ఒక్కదాన్నే చూసే ధైర్యం లేక ఇక్కడికి తెచ్చాను."

ఫోటో ఎడిటర్ కుర్చీ ముందుకు జరిపింది. ఆ పత్రికాఫీసులో ఫోటోగ్రాఫర్లందరికీ ఆమె అక్కే. వేరే దేశంలో యుద్ధం ఫోటోలు తీయడానికి వెళ్ళి ఇరవై రోజుల కిందట ఫిరంగి గుండుకు బలైపోయిన బక్కోడికీ అక్కే. ఊదితే ఎగిరిపోయేలా ఉంటాడని ఆ పేరు పెట్టింది కూడా ఆమే. సాయంత్రం ఐదింటికి అతని సంస్మరణ సభ. అతను తీసిన ఫోటోలన్నీ హాల్లో గోడకెక్కాయి. చివరిదాని కోసం ఒక ఫ్రేము ఖాళీగా ఉంచారు. కెమెరా తునాతునకలైనా కార్డు దక్కింది. నిన్ననే ఇంటికి చేరింది.

"నువ్వెందుకు తల్లీ చూడటం? మేమే ఏదో ఒకటి చూసి..."

"ఏదో ఒకటి కాదక్కా. ఆయనంతట ఆయనే ముందుకెళ్ళాడా, ఎవరైనా పంపితే వెళ్ళాడా? అదొక్కటి తేలితే నాకు నిద్ర పడుతుంది."

ఎడిటర్ తెరవైపు తిరిగింది. అతను పోయిన రోజు ఇక్కడి టైము పదకొండూ పదికి ఆమె అతనికి ఒక మెసేజ్ పంపింది. 'అన్నీ దూరం నుంచే తీశావు. వీధి దాటి ఇంకాస్త దగ్గరగా ఒకటి తియ్యరా.' జవాబు రాలేదు. వీధి అవతల పడి ఉన్నాడని మధ్యాహ్నం కబురొచ్చింది. అతని ఫోన్ కాలిపోయింది. ఎన్నింటికి పోయాడో చెప్పగలిగినవాళ్ళు లేరు. ఆమె తన ఫోన్లోంచి ఆ మెసేజ్ చెరిపేసింది గానీ మనసులోంచి చెరపడం చేతకాలేదు. ఇరవై రోజులుగా ముద్ద దిగడం లేదు.

"కార్డు పెట్టండి మేడమ్," అన్నాడు పక్క సీటు డిజైనర్. "ప్రింటు తీయడానికే అరగంట పడుతుంది."

కార్డు పెట్టక తప్పలేదు. తెరమీద ఫోటోలు ఒక్కొక్కటే కదిలాయి. ఎండో నీడో తెలియనంత పొగ. అన్నీ వీధికి ఇవతలి నుంచి తీసినవే. చివరిది మాత్రం అలా లేదు. గుమ్మంలో బకెట్ పట్టుకుని నిలబడ్డ ముసలామె. ఆమె వేళ్ళ కణుపుల మీది తడి కూడా కనిపిస్తోంది. ఆ తర్వాత ఇంకేమీ లేదు.

"దగ్గరికెళ్ళాడు," అంది భార్య మెల్లగా.

ఎడిటర్ ఫోటో వివరాలు తెరిచింది. కళ్ళు చిట్లించి ఫోటో కింది టైము చూసింది. 11:16.

తన మెసేజ్ వెళ్ళిన ఆరు నిమిషాలకు. భార్య మొహం చూడలేక తెరకేసే చూస్తూ కూర్చుంది.

అంతలో ఒక సంగతి తట్టింది. ఏ దేశంలో దిగినా ముందు కెమెరా గడియారాన్ని అక్కడి టైముకు మార్చుకోవాలి. అది ఆఫీసు కట్టుబాటు. కొత్తగా చేరిన ప్రతివాడికీ ఆమే చెవినిల్లు కట్టుకుని చెబుతుంది. అక్కడి గడియారం ఇక్కడికంటే రెండున్నర గంటలు ముందు. అక్కడ పదకొండూ పదహారంటే ఇక్కడ ఎనిమిదీ నలభై ఆరు. ఆ వేళకి ఆమె ఇంట్లో తల దువ్వుకుంటోంది. మెసేజ్ పంపే సరికి అతను పోయి రెండున్నర గంటలు కావస్తోంది. చదవడానికి మనిషే లేడు.

ఎడిటర్‌కి ఏడుపు ముంచుకొచ్చింది. బక్కోడు పోయాడన్న దుఃఖం ఆమెకు ఇప్పుడే మొదటిసారి వచ్చింది. ఇన్నాళ్ళూ భయం దానికి చోటివ్వలేదు.

"తనంతట తనే వెళ్ళాడమ్మా," అంది భార్య చేతులు పట్టుకుని. "ఎవరూ పంపలేదు. ఒట్టేసి చెబుతున్నాను."

"నిజంగానా అక్కా?"

"నిజంగా. వాడికి ఒకరు చెప్పాలా?"

భార్య పెద్దగా ఊపిరి పీల్చి వదిలింది. "మీరన్నారు, అది చాలు. ఈ పూటైనా కంటినిండా నిద్రపోతాను."

"కింద ఏం రాయమంటారు మేడమ్?" అని అడిగాడు డిజైనర్.

ఎడిటర్ గొంతులోకి పాత అధికారం తిరిగొచ్చింది. "'చివరి ఫోటో. అక్కడి స్థానిక సమయం ఉదయం 11:16' అని రాయి."

"అది తప్పక్కా," అంది భార్య. కళ్ళు తుడుచుకుంటూనే చిన్నగా నవ్వింది. "మీరు తిడతారని దాచేవాడు గానీ, ఆయన ఏ దేశం వెళ్ళినా కెమెరాలో టైము మార్చేవాడే కాదు. మీకు పంపేటప్పుడు లెక్కేసి సరిచేసేవాడు. ఫోటో తీసిన ప్రతిసారీ ఇక్కడ మా పాప ఏం చేస్తుంటుందో తెలియాలట. అది మనూరి టైమక్కా."