తొమ్మిదో రకం

“నా గొర్లను రెండో రకం అన్న నోరేది?” అంటూ బీరమ్మ దొడ్డి తడికకు అడ్డంగా నిలబడింది.

“నా నోరు కాదు చెల్లె, కంపెనీది,” అని ఫోన్ చూపించాను. నేను మాంసం కంపెనీకి గొర్రెలు కొనిపెట్టే బేరగాణ్ణి. కంపెనీ పంపిన లింకు నొక్కితే ‘మీ గొర్రెలు రెండో రకం’ అని వచ్చే పేజీ చూపిస్తే కాపరి ధర తగ్గిస్తాడు. ఆ పొద్దున కట్టంగూర్‌లో నాలుగు మందల దగ్గర అదే చేశాను.

నల్లగొండలో కంప్యూటర్లు చదివే ఆమె కూతురు నిరోష ఫోన్ అందుకుంది.

“మామా, పైన లింకు చూడు. ప్రశ్న గుర్తు దాటినంక ‘గ్రేడ్’ అని, అంటే రకం, పక్కన రెండు ఉంది. పేజీ గా అంకె చదివి మనకు చెప్తాంది, గంతే.”

రెండు చెరిపి తొమ్మిది కొట్టింది. ‘మీ గొర్రెలు తొమ్మిదో రకం’ అంది పేజీ.

“తొమ్మిదో రకం యాడుంటది?” అన్నాను.

“లేదు గదా! గొర్లను చూసినోళ్లే లేరు మామా. లింకు పంపినోళ్లు రాసిందే రకం.”

బీరమ్మ పొట్టేలును నా ముందుకు లాగింది. “ముప్పై ఏండ్ల బేరగానివి. ఫోన్ జేబుల పెట్టి చెయ్యెయ్యి.”

నడుము నొక్కాను. వేలికి ఎముక తగల్లేదు, అంత కండ ఉంది. పొద్దుటి నుంచి ఒక్క జీవం మీదా ఆ చెయ్యి వేయలేదని అప్పుడు గుర్తొచ్చింది.

“ఏ రకం?”

“మొదటిది,” అన్నాను. పొద్దున నాలుగు మందలను చూడకుండానే రెండో రకం అన్నానని కూడా చెప్పాను.

“గట్లనే చెయ్యేసి చూసి, గా నాలుగు మందల కాడ ఉన్న రకం చెప్పి రా. అప్పటిదాక నేను తడిక తియ్య.”

వచ్చిన దారినే ఆ నాలుగు మందల వైపు వెనక్కి నడిచాను. ఫోన్ జేబులోనే ఉంది.